సముద్రంలో చేపను లెక్కపెట్టేదెవరు?

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తీరాన్ని ఊడ్చేసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెల్లో వేటకు వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఎందరి శవాలో దొరకనే లేదు. కడలిపాలైన ఆ మత్స్యకారులను తలుచుకుంటూ ఇచ్చే ఉపన్యాసంలో చేపల లెక్కల గురించీ కోటాల గురించీ మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ దగ్గరి నీళ్లలో చేప తగ్గితే మనిషి ఇంకా దూరం పోతాడు. ఇంకా ఎక్కువ రోజులు నీళ్ల మీదే ఉంటాడు. వాతావరణం బాగాలేదని చెప్పినా, అప్పు గుర్తొచ్చి బోటు దించుతాడు. ఒడ్డున కూర్చుని వేసిన లెక్క తప్పితే ఆ తప్పుకు మొదట బలయ్యేది అతనే.

ఆ లెక్క ఎంత ఘోరంగా తప్పగలదో తెలుసుకోవాలంటే కెనడా తూర్పు కొసనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి కథ వినాలి. 1497లో జాన్ కాబట్ ఓడ ఆ తీరానికి వెళ్లి వచ్చాక ఇంగ్లండులో చెప్పుకున్న మాట ఒకటుంది: అక్కడ వలలే అక్కర్లేదు, రాయి కట్టిన బుట్టను నీళ్లలోకి దించితే చాలు, చేపలతో నిండి పైకి వస్తుంది. గ్రాండ్ బ్యాంక్స్ అనే ఆ మెరక సముద్రంలోని కాడ్ చేప కోసం పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్సు, ఇంగ్లండు పడవలు దాదాపు అయిదు వందల ఏళ్లు వచ్చిపోయాయి. ఉప్పేసి ఎండబెట్టిన కాడ్ ఐరోపా పేదల కడుపు నింపింది, ఐరోపా రాజ్యాల ఖజానాలూ నింపింది. 1883లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్తే, సముద్రపు పెద్ద వేటలు ఎంత తీసినా తరిగేవి కావన్నాడు. తెరచాపలూ చేతి గాలాలూ ఉన్న కాలానికి ఆ మాట పెద్దగా తప్పు కాదు.

కాలం మారింది. 1954లో ఫెయిర్‌ట్రై అనే బ్రిటిష్ ట్రాలర్ గ్రాండ్ బ్యాంక్స్‌కు వచ్చింది. వలను వెనకనుంచి లాగి, చేపను ఓడలోనే కోసి, అక్కడే గడ్డకట్టించే తేలే ఫ్యాక్టరీ అది. దాని వెనకే సోవియట్, జర్మన్, స్పానిష్ ఓడలు వరుసకట్టాయి. రాత్రీ పగలూ లేదు, చలికాలమూ వేసవీ లేదు. అంతకుముందు ఏడాదికి దాదాపు మూడు లక్షల టన్నుల్లోపే ఉండే ఉత్తర కాడ్ (ఆ తీరపు కాడ్ నిల్వకు పేరు) దిగుబడి 1968లో 8 లక్షల టన్నులు దాటింది. ఆ తర్వాత పదేళ్లలోనే వలలు వెలితిగా రావడం మొదలైంది.

ఇక్కడిదాకా విన్నవారు, నియంత్రణ లేకనే ఇలా జరిగిందనుకుంటారు. అలా అనుకుంటే ఈ కథలోని అసలు పాఠం చేజారిపోతుంది. 1977లో కెనడా తన తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా తనదేనని ప్రకటించి విదేశీ ఓడలను చాలామటుకు బయటికి పంపింది. కోటాలు పెట్టింది. ఏ ఏడాది ఎన్ని టన్నులు తీయవచ్చో తేల్చడానికి శాస్త్రవేత్తలను, పరిశోధన ఓడలను, గణిత నమూనాలను సమకూర్చుకుంది. ఉన్న చేపల్లో ఏటా దాదాపు అయిదో వంతుకు మించి తీయకూడదన్న జాగ్రత్త లక్ష్యం కూడా పెట్టుకుంది. ఆ కాలానికి ప్రపంచంలోకెల్లా పద్ధతిగా నడిచే మత్స్య నిర్వహణ అదేనన్న పేరూ తెచ్చుకుంది. కాడ్ అంతరించే దశకు చేరింది ఈ ఏర్పాట్లన్నీ ఉన్న కాలంలోనే.

ఎందుకలా? 1980లలో తీరం దగ్గర చిన్న పడవల మీద, పంజరం వలలతో వేటాడే న్యూఫౌండ్‌లాండ్ మత్స్యకారులు ఒకటే మాట చెబుతూ వచ్చారు: చేప తగ్గుతోంది, చేప చిన్నదవుతోంది, ఒకప్పుడు వచ్చే చోటికి రావడం లేదు. ప్రభుత్వ లెక్కలు మాత్రం చేపల నిల్వ పెరుగుతోందన్నాయి. ఆ లెక్కలకు ఆధారాలు రెండు. ఒకటి పరిశోధన ఓడ సర్వే. రెండోది, దూర సముద్రంలో పెద్ద ట్రాలర్లకు గంటకు ఎంత చేప పడుతోందన్నది. ట్రాలర్లకు చేప బాగానే పడుతోంది కాబట్టి సముద్రంలో చేప బాగానే ఉందనుకున్నారు. అయితే కాడ్ తగ్గేకొద్దీ మిగిలిన చేపలు గుంపులు కట్టి కొన్ని చోట్లకే చేరతాయి. ఎండాకాలంలో చెరువు ఎండుతున్నప్పుడు చివరి మడుగులో చెయ్యి పెడితే చాలు చేప తగిలినట్టే, ధ్వని తరంగాలతో గుంపును పసిగట్టే ట్రాలర్ ఆ చివరి గుంపుల మీదికే నేరుగా వెళ్లింది. నిల్వ కరిగిపోతున్నా దాని వల మాత్రం నిండుతూనే ఉంది. చేప రావడం మానేసిన చోట వల వేసి ఎదురుచూసే చిన్న మత్స్యకారుడికి తెలిసిన నిజం ఆ నమూనాలోకి చేరే దారి లేదు. అతని మాటను అనుభవం అన్నారు కానీ సమాచారం అనలేదు.

1986లో తీర మత్స్యకారుల సంఘం తానే డబ్బు పెట్టి అక్కడి మెమోరియల్ యూనివర్సిటీ జీవశాస్త్రవేత్తలతో ప్రభుత్వ లెక్కను తిరిగి పరీక్ష చేయించింది. లెక్క ఎక్కువ చూపిస్తోందని, అనుకున్న దానికన్నా వేట ఒత్తిడి చాలా ఎక్కువగా ఉందని వాళ్లు తేల్చారు. పల్లెకారులు ప్రభుత్వ శాస్త్రాన్ని శాస్త్రంతోనే ఎదుర్కొన్న ఈ ఘట్టాన్ని మన తీరంలో ప్రతి మత్స్యకార సంఘమూ తెలుసుకోవాలి. మూడేళ్ల తర్వాత ప్రభుత్వ శాస్త్రవేత్తలే తమ లెక్క తప్పని ఒప్పుకున్నారు. 1989కి కోటాను 1.25 లక్షల టన్నులకు తగ్గించాలని సలహా వచ్చింది. ఆ ఏడాది ఖరారైన కోటా 2.35 లక్షల టన్నులు. ఒక్కసారిగా అంత కోస్తే ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఊళ్లు గొడవ చేస్తాయి, ఓట్లు పోతాయి. శాస్త్రం ఆలస్యంగానైనా నిజం చెప్పింది, రాజకీయం దాన్ని దాదాపు రెట్టింపు చేసి అమలు చేసింది.

1992 జులై 2న కెనడా మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను పూర్తిగా ఆపుతున్నట్టు న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరంలో ఒక హోటల్లో ప్రకటించారు. ఆయనదీ ఆ దీవే. వేట ఆపినందుకు మొదట ఇస్తామన్నది వారానికి 225 డాలర్లు. లోపల విలేకరుల సమావేశం జరుగుతుంటే బయట మత్స్యకారులు తలుపులు బద్దలుకొట్టబోయారు. ఆ మొత్తాన్ని తర్వాత పెంచాల్సి వచ్చింది. దాదాపు 30 వేల మందికి ఒక్కరోజులో పని పోయింది. కెనడా చరిత్రలో ఒకేసారి అంతమందికి పని పోయిన రోజు మరొకటి లేదు. తర్వాతి పదేళ్లలో ఆ రాష్ట్ర జనాభా పదో వంతు తగ్గింది. నిషేధం రెండేళ్లేనన్నారు. అది 32 ఏళ్లు సాగింది.

చల్లబడిన నీళ్లే కాడ్‌ను చంపాయని వాదించినవారూ ఉన్నారు. ఆ ఏళ్లలో సముద్రం నిజంగానే చల్లబడింది. కాడ్ తినే కేప్లిన్ చేపా తగ్గింది. కానీ వందల ఏళ్లలో అలాంటి చలి ఎన్నోసార్లు వచ్చిపోయింది, అప్పుడంతా చేప నిలిచింది. 1994లో హచింగ్స్, మయర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పాత రికార్డులు తిరగేసి, ప్రధాన కారణం మితిమీరిన వేటేనని తేల్చారు. బలహీనపడ్డ నిల్వకు చలి చివరి దెబ్బ అయివుండొచ్చు.

2024 జూన్‌లో కెనడా ఆ నిషేధాన్ని ఎత్తేసి 18 వేల టన్నుల కోటాతో వాణిజ్య వేటను తిరిగి తెరిచింది. దాని మీదా పెద్ద వాదన నడిచింది. అంతకు కొద్ది నెలల ముందు శాస్త్రవేత్తలు నిల్వను కొలిచే కొలబద్దను సవరించారు. ప్రమాదపు గీత కిందికి దిగింది, దాంతో కాడ్ అప్పటికే కొన్నేళ్లుగా ప్రమాద మండలం దాటే ఉందని తేలింది. చేప అంతగా పెరగకముందే గీత మారిందని విమర్శకులు అన్నారు. చిన్న పడవల మత్స్యకారుల కోపం వేరే. కోటాలో మొదటి 1.15 లక్షల టన్నులూ తీరంవారివేనని వాళ్లకు ఎప్పుడో మాట ఇచ్చారు. కానీ 18 వేల టన్నుల దగ్గరే దూర సముద్రపు ట్రాలర్లకూ, విదేశీ ఓడలకూ వాటా పెట్టారు. ఎన్ని చేపలున్నాయన్న ప్రశ్న ఎక్కడ ముగుస్తుందో, అవి ఎవరివన్న ప్రశ్న అక్కడే తలెత్తుతుంది.

ఈ రెండో ప్రశ్నకు ఐస్‌లాండ్ చెప్పిన జవాబును ప్రపంచమంతా పొగిడింది. బ్రిటన్‌తో మూడుసార్లు కాడ్ యుద్ధాలు చేసి తన సముద్రాన్ని దక్కించుకున్న ఆ చిన్న దేశం 1984లో ఒక్కో పడవకు కోటా కేటాయించింది. 1990 చట్టంతో ఆ కోటాను అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు అంది. లాభాలు పెరిగాయి, పడవలు తగ్గాయి, నిల్వలు నిలిచాయి. అదే సమయంలో కోటా పెద్ద కంపెనీల చేతుల్లో పోగుపడింది. పడమటి తీరంలో కొన్ని ఊళ్లకు ఎదురుగా చేపలున్నాయి, పట్టే హక్కు లేదు. ఇద్దరు మత్స్యకారులు ఫిర్యాదు చేస్తే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2007లో ఆ కేటాయింపు వివక్షేనంది. ఆ తర్వాత 2009లో ఐస్‌లాండ్ వేసవిలో చిన్న పడవలకు కోటా కొనకుండానే గాలపు వేటకు కొంత చోటిచ్చింది. న్యూజిలాండ్ 1986లో ఇలాగే కోటాలు పెడితే, ఆ సముద్రం తమదని మావోరీలు కోర్టుకెక్కారు. 1992 ఒప్పందంలో వాళ్లకు వాటా ఇవ్వక తప్పలేదు.

ఇక బంగాళాఖాతం ఒడ్డుకు వద్దాం. అమ్ముకోగలిగే కోటాలు ఇక్కడా తేవాలన్న సూచన నిపుణుల సభల్లో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నేను దానికి గట్టి వ్యతిరేకిని. కాడ్ ఒక జాతి. అయిదారేళ్లకు గానీ గుడ్డు పెట్టదు, ఇరవై ఏళ్లు బతుకుతుంది. దాన్ని ఏటా కొలవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సోనా బోటు అనే ట్రాలర్ ఒక్క వల దులిపితే పదుల జాతులు పడతాయి. కవళ్లు, కనగర్తలు, సావళ్లు, చందువలు, రొయ్యలు, పీతలు, పేరు లేని పిల్ల చేపలు. దేనికని కోటా పెడతారు? కోటా అయిపోయిన జాతి వలలో పడితే చచ్చిన చేపను తిరిగి సముద్రంలోకి విసిరేయడమే మిగులుతుంది. ఐరోపా ఆ విసిరివేతనే ఆపలేక 2013లో ప్రత్యేకంగా నిబంధన చేయాల్సి వచ్చింది.

తక్కువ ఆయుష్షున్న చేపలు ఎంత చపలమైనవో కేరళ కవళ్లు చూపించాయి. 2012లో అక్కడ దాదాపు 4 లక్షల టన్నుల నూనె కవళ్లు ఒడ్డుకొచ్చాయి. 2021లో వచ్చినవి 3,297 టన్నులు. ఎల్‌నినో ఒక కారణం, పిల్ల కవళ్లను చేపల పొడి మిల్లులకు తోలిన వేట ఇంకొకటి. 2023లో దిగుబడి మళ్లీ లక్ష టన్నులు దాటింది. ఇంత ఎగుడుదిగుడును ఏడాది ముందే పట్టుకునే కోటా ఏదీ లేదు. కేరళ చేసిన మంచి పని వేరే ఉంది. ఏ చేప ఎంత పొడవు లేకపోతే పట్టకూడదో 2015 నుంచి చట్టంలో రాసింది. కవళ్లకు అది 10 సెంటీమీటర్లు. రేవులో నిలబడ్డ ఎవరైనా స్కేలు పెట్టి కొలవగల నిబంధన అది. మత్స్యకారుడు కూడా కొలవగలడు.

మన దేశంలో తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా రాష్ట్రాలది, అవతల కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది. ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకు విడిచిపెట్టాలి, మర బోట్లు ఆ గీత దాటి వేటాడాలి. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం. ఆ రోజులకు రాష్ట్రం ఇచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలకు పెరిగింది. ఇది మంచి పెరుగుదలే. అయితే ఈ భృతి వేటకు వెళ్లే మగవాళ్ల జాబితా చూసి ఇచ్చేది. బోట్లు ఆగితే గంప ఎత్తే మహిళకు సరుకుండదు, ఉప్పుచేప ఎండబెట్టే మహిళకు పని ఉండదు. ఆ జాబితాలో వాళ్ల పేర్లు లేవు.

నిషేధం వల్ల మేలుందా అన్నదాని మీద తీరంలో ఏటా వాదన జరుగుతుంది. వెచ్చని సముద్రంలో చేపలన్నీ ఒకే రుతువులో గుడ్లు పెట్టవు, ఏడాది పొడవునా ఏదో ఒకటి పెడుతూనే ఉంటుంది. కాబట్టి 61 రోజుల విరామం అన్ని జాతులనూ కాపాడుతుందనుకోకూడదు. కొన్నాళ్లు సముద్రపు నేలను ట్రాల్ వలలు దున్నకపోవడమూ, డీజిల్ కాలకపోవడమూ మాత్రం నిజమైన లాభాలు. జూన్ 15న మళ్లీ అన్ని బోట్లూ ఒక్కసారిగా దూకితే ఆ లాభంలో ఎంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న. పక్కదేశం అనుభవం ఇక్కడ పనికొస్తుంది. బంగ్లాదేశ్ చాలా ఏళ్లు మే 20 నుంచి 65 రోజులు వేట ఆపేది. తాము ఆగిన రోజుల్లో భారత బోట్లు వచ్చి పట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లు మొత్తుకున్నారు. 2025లో ఆ ప్రభుత్వం తేదీలు మార్చి, నిషేధాన్ని ఏప్రిల్ 15నే మొదలుపెట్టింది. జాలర్ల గోడు విని ఒక దేశం క్యాలెండరు మార్చుకుంది.

8 కిలోమీటర్ల గీత సంగతి ఇంకా కఠినం. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల తగాదా పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది, పోలీసులు 144వ సెక్షను పెట్టారు. చేపల గుంపును చుట్టుముట్టి మొత్తంగా లాగే ఆ వల గీత లోపల వేశారా, అవతల వేశారా అన్నదే గొడవ. నీళ్ల మీద గీత కనిపించదు. రెండు వైపులవాళ్లూ మత్స్యకారులే, పక్కపక్క పల్లెలవాళ్లే. గీతను చూపించాల్సిన యంత్రాంగం చేతులు కట్టుకుంటే ఆ పని అన్నదమ్ముల్లాంటి ఊళ్లు కర్రలతో చేసుకుంటాయి.

దగ్గరి నీళ్లలో వేట గిట్టక, సొంత తీరంలో సరైన జెట్టీలు లేక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి యువకులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి బోట్ల మీద కూలికి చేరతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆ కథ మీద సినిమా వచ్చింది, జనం చూశారు. వాళ్లు అంతదూరం ఎందుకు పోయారన్న ప్రశ్న మాత్రం మత్స్య విధానంలోకి ఇంకా రాలేదు.

మరి మన సముద్రంలో చేప ఎంత ఉంది? ప్రపంచం మొత్తం మీద 1974లో పదో వంతు నిల్వలే మితిమీరిన వేటకు గురయ్యాయని, 2021 నాటికి అవి 37.7 శాతానికి చేరాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెప్పింది. భారత తీరంలో కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2022లో 135 నిల్వలను పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయంది. రేవుల్లో దశాబ్దాలుగా నమూనాలు సేకరిస్తున్న ఈ సంస్థ కృషి గొప్పది, వాళ్లు అబద్ధమాడుతున్నారని ఎవరూ అనకూడదు. కానీ అదే ఏళ్లలో ఒడ్డున ఉన్నవాళ్లు, అదే సరుకుకు ముందుకన్నా ఎక్కువ దూరం, ఎక్కువ డీజిల్ పడుతోందంటున్నారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. జాతి మొత్తంగా నిలిచి ఉండవచ్చు, తెప్ప అందుకునే నీళ్లు ఖాళీ అయివుండవచ్చు. న్యూఫౌండ్‌లాండ్‌లో చిన్న పడవలవాళ్లు చెప్పిందీ మొదట అదే. పిల్ల చేపలను చేపల పొడి మిల్లులకు అమ్మేస్తే, ఆ పొడి రొయ్యల చెరువుల మేతలో చేరితే, రేవు లెక్కలో అది ‘ఇతర చేపలు’ అనే గడిలో పడుతుంది. ఆంధ్ర తీరపు రొయ్యల సంపద కింద ఆ గడి ఎంత లోతుందో విప్పి చూడాలి.

మత్స్యకారుడి మాటకు శాస్త్రంలో చోటివ్వడం ఈ తీరానికి కొత్త కాదు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ ఇక్కడి చేపలను బొమ్మలు గీయించి, ఊరివాళ్లు పిలిచే పేర్లతోనే 1803లో రెండు వందల చేపల పుస్తకం అచ్చువేశాడు. ఆ పేర్లలోని కనగర్త నేటికీ ఆ చేప శాస్త్రనామంలో ఉంది. మత్స్యకారుడికి చేప పేరు తెలుసని రెండు వందల ఏళ్ల కింద ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు. చేప ఎంతుందో కూడా అతనికి తెలుసని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆచరణలో దానికి చేయాల్సినవి చిన్న పనులే. ప్రతి రేవులో దిగిన సరుకు జాతీ, పొడవూ ఊరి యువతీయువకులే రాయాలి, వాళ్లకు జీతమివ్వాలి. సరంగులు ఎక్కడ ఎంతసేపు వల లాగారో, ఎంత డీజిల్ కాలిందో ఆ పుస్తకంలో చేరాలి. పరిశోధన సంస్థ అంచనాలు జిల్లా వారీగా తెలుగులో, నిషేధం మొదలయ్యేలోపు పల్లెలకు అందాలి. రెండు లెక్కలూ ఎక్కడ కలవడం లేదో అక్కడ శాస్త్రవేత్తా, బోటు నాయకుడైన తండేలూ కలిసి సముద్రంలోకి వెళ్లి చూడాలి. మిల్లుకు వెళ్లే పిల్ల చేపకు కేరళలా పొడవు హద్దు పెట్టాలి, వల కన్ను కొలిచే అధికారం గ్రామ పెద్దలకూ ఉండాలి.

చాలా ముఖ్యమైన సాధనం ఒకటి ఇప్పటికే చేతికొచ్చింది. దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు ఇస్రో పరిజ్ఞానంతో తయారైన ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగించే పథకాన్ని కేంద్రం 2024లో మొదలుపెట్టింది. తుపాను హెచ్చరిక నడిసముద్రంలోనూ చేరాలని, ఆపదలో కబురు ఒడ్డుకు అందాలని తెచ్చిన పరికరం అది. 1996లో అదుంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో. అదే పరికరం మర బోటు 8 కిలోమీటర్ల గీత లోపలికి వచ్చిందో లేదో కూడా నిమిషాల మీద చెబుతుంది. ఆ సమాచారాన్ని మత్స్యశాఖ కార్యాలయాలకే పరిమితం చేయకుండా, గీత లోపల వేటాడే తెప్పలవాళ్ల సంఘాలకూ వారం వారం ఇవ్వాలని రాష్ట్రం ఒక్క ఉత్తర్వు జారీ చేయవచ్చు. వచ్చే ఏప్రిల్ 15కు ముందే ఆ పని జరగాలని తీరంలోని సంఘాలన్నీ కలిసి అడగాలి.